విందు మరునాటి బరువు: సంక్రాంతి నుంచి మాఘమాసం దాకా నా అనుభవం

కావలిలోని ఒక ఉన్నత పాఠశాలలో జీవశాస్త్రం బోధించే నాకు ఇప్పుడు నలభై ఆరేళ్లు. కొన్నేళ్లుగా ఉదయం పూట జవహర్ భారతి కళాశాల మైదానంలో నడవడం, మధ్యమధ్య కొంత దూరం పరుగెత్తడం అలవాటు. ఇంట్లో పప్పు, కూర, పెరుగన్నం, రాత్రికి రెండు చపాతీలతో సరిపెట్టుకునే మామూలు భోజనమే. ఏడాదిలో ఎక్కువ కాలం 61 కిలోల దగ్గర నిలకడగా ఉండే నా బరువు, సంక్రాంతి మొదలుకొని మాఘమాసపు పెళ్లిళ్లు ముగిసేదాకా మాత్రం ఒక పట్టాన నిలిచేది కాదు. మైదానంలో తోడుగా నడిచేవారిని అడిగితే ఒక్కొక్కరూ ఒక్కో మాట చెప్పేవారు. ఒక్క పూట విందు భోజనం చేస్తే నెల రోజుల నడక వృథా అయినట్టేనని ఒకరంటే, అప్పుడప్పుడు దండిగా తింటేనే జీవక్రియ మందగించకుండా ఉంటుందని మరొకరు వాదించేవారు. ఈ రెండు మాటలూ నిజం కావడానికి వీల్లేదని తెలుసు కానీ, నా ఒంట్లో నిజంగా ఏం జరుగుతోందో మాత్రం తెలియదు. అందుకని ఒక ఏడాది ఆ కాలమంతా కొలతలు రాసుకుంటూ వచ్చాను.

నేను పెట్టుకున్న నియమాలు తేలికైనవే. తెల్లవారి మెలకువ రాగానే, మంచం దిగకముందే మణికట్టు దగ్గర నిమిషం పాటు నాడి లెక్కపెట్టాలి. కాలకృత్యాలు తీరాక, కాఫీకి ముందు, ఒకే రకమైన పలుచటి దుస్తులతో బరువు చూసుకోవాలి. ఊపిరి మామూలుగా వదిలి, పొట్టను లోపలికి బిగబట్టకుండా, టేపుతో నడుము చుట్టుకొలత తీసుకోవాలి. మా వారికి మధుమేహం ఉన్నందున గ్లూకోమీటర్ ఇంట్లో ఎప్పుడూ ఉంటుంది కాబట్టి, విందు తర్వాత రెండు గంటలకు ఇద్దరి రక్తంలో చక్కెర కూడా చూడాలని అనుకున్నాం.

ముహూర్తాలు లేని ధనుర్మాసంలో విందులేవీ ఉండవు కనుక మామూలు రోజుల కొలతలు అప్పుడు రాసుకున్నాను. అక్కడే నాకు మొదటి ఆశ్చర్యం ఎదురైంది. తిండిలో ఏ మార్పూ లేకపోయినా బరువు ఒక రోజుకూ మరో రోజుకూ అరకిలో దాకా తేడా చూపించేది. నెలసరికి ముందు రోజుల్లో కిలో వరకు పెరిగి, ఆ తర్వాత దానంతటదే దిగిపోయేది. హార్మోన్ల ప్రభావంతో ఒంట్లో నీరు నిలవడం వల్ల వచ్చే తేడా ఇది. పండుగ మరునాడు తూకం ఎక్కే స్త్రీకి ఈ సంగతి తెలియకపోతే, కనిపించిన అంకెలో పండుగ వాటా ఎంతో, నెలసరి వాటా ఎంతో విడదీయడం సాధ్యం కాదు. వ్యాయామం గురించి సలహాలిచ్చేవారిలో ఎక్కువమంది ఈ ఒక్క మాట మాత్రం చెప్పరు.

మా అత్తగారి ఊరు అల్లూరు వైపు. వరి పండే ఆ ప్రాంతంలో నెల్లూరు మొలగొలుకులనే పాత వరి రకం కాలం పోయినా అన్నం మీద మమకారం మాత్రం తగ్గలేదు. భోగికి పొంగలి, సంక్రాంతికి బొబ్బట్లు, పులిహోర, అరిసెలు, కనుమకు మినప గారెలు, నాటుకోడి కూర, మామిడికాయలింకా రాని కాలం కనుక చింతపండుతోనే పెట్టిన చేపల పులుసు. వడ్డించేది అత్తగారు, ఆమెకు సాయం తోడికోడలు. "ఏందమ్మాయ్, పిట్ట తిన్నట్టు తింటే ఎట్ట? ఇంకో ముక్క వేసుకో" అని గరిటెతో నిలబడిన పెద్దావిడ ముందు ఆకు మూయడం అంత సులువు కాదు, నాకు మూయాలనీ లేదు. కనుమ నాడు రాత్రి పడుకునే ముందు ఆ రోజు తిన్నదంతా కాగితం మీద లెక్కవేస్తే రమారమి 3,400 కిలో క్యాలరీలు తేలాయి. ఏ పనీ చేయకుండా పడుకున్నా నా వయసు, ఎత్తు, బరువు ఉన్న స్త్రీకి రోజుకు 1,200 కిలో క్యాలరీల దాకా కావాలి. తిరుగుడు, నడక, పనులు కలుపుకొంటే 1,900 అవుతుంది. అంటే ఆ ఒక్కరోజు 1,500 అదనం.

మరునాటి ఉదయం తూకం 62.7 కిలోలు చూపించింది. మామూలు బరువు మీద 1.7 కిలోల పెరుగుదల. మైదానంలోని మొదటి సిద్ధాంతం నిజమనిపించేది ఇలాంటి ఉదయమే. అయితే ఒక కిలో కొవ్వు కణజాలం ఏర్పడాలంటే దాదాపు 7,700 కిలో క్యాలరీలు మిగలాలి. 1.7 కిలోలూ కొవ్వే అయితే పదమూడు వేలు దాటిన మిగులు ఉండాలి. నా మిగులు 1,500. అదంతా కొవ్వుగా మారినా 200 గ్రాములకు మించదు. మిగిలిన కిలోన్నర ఏమిటి?

అందులో పెద్ద భాగం నీరు. అన్నం, బెల్లం, పిండివంటల నుంచి వచ్చిన గ్లూకోజ్‌లో వెంటనే ఖర్చు కానిదాన్ని శరీరం గ్లైకోజెన్‌గా మార్చి కాలేయంలోనూ కండరాల్లోనూ దాచుకుంటుంది. ఎదిగిన మనిషి కాలేయంలో సుమారు 100 గ్రాములు, కండరాల్లో 400 గ్రాముల వరకు ఇది ఉండగలదు, ప్రతి గ్రాము గ్లైకోజెన్ వెంట సుమారు మూడు గ్రాముల నీరు చేరుతుంది. రోజూ నడిచే ఒంట్లో ఈ నిల్వ ఎప్పుడూ కొంత ఖాళీగానే ఉంటుంది; పండుగ భోజనం దాన్ని నింపుతుంది. ఇక ఉప్పు సంగతి. ఒంట్లోని ద్రవాలను మూత్రపిండాలు ఒకే గాఢతలో ఉంచుతాయి. ఆసుపత్రిలో ఎక్కించే సెలైన్‌లో 0.9 శాతం, అంటే లీటరుకు 9 గ్రాముల ఉప్పు ఉండేది ఆ గాఢతకు సరిపోవడానికే. ఆ లెక్కన పులుసు, ఊరగాయ, అప్పడాల ద్వారా నాలుగైదు గ్రాముల ఉప్పు అదనంగా చేరితే, అది బయటికి పోయేదాకా దానితోపాటు అరలీటరు నీరు నిలవాల్సిందే. వీటికి పేగుల్లో ఇంకా జీర్ణమవుతున్న ఆహారం బరువును కలిపితే లెక్క సరిపోయింది. నా నడుము కొలత ఆ ఉదయం రెండు సెంటీమీటర్లు పెరిగింది కానీ, అదీ పొట్ట ఉబ్బరమే తప్ప కొవ్వు కాదు.

అయితే కొవ్వు అసలు చేరలేదనడం కూడా పొరపాటే. ఆ 200 గ్రాముల లోపు కొవ్వు ఎక్కడి నుంచి వచ్చిందన్నది తరగతిలో పిల్లలకు చెప్పదగ్గ విషయం. అన్నం ఎక్కువ తింటే ఆ అన్నమే కొవ్వుగా మారుతుందని అందరూ అనుకుంటారు. ఒకటి రెండు పూటల భోజనంలో అలా మారేది చాలా తక్కువ. పిండిపదార్థం దండిగా అందినప్పుడు శరీరం ముందు దాన్నే ఖర్చు పెట్టుకుంటుంది; అలా ఖర్చు పెడుతున్నంతసేపూ నెయ్యి, నూనె, మాంసం నుంచి వచ్చిన కొవ్వుతో దానికి పని పడదు కనుక అది నేరుగా కొవ్వు కణాల్లోకి చేరుతుంది. గ్లైకోజెన్ వంటింట్లో ఉండే బియ్యం డబ్బా అయితే, కొవ్వు పెరట్లోని గాదె. డబ్బాకు హద్దు ఉంది, గాదెకు లేదు. బొబ్బట్టు మీద వేసుకున్న నెయ్యి గాదెకే పోతుంది. మాంసకృత్తుల సంగతి కొంచెం నయం. వాటిని జీర్ణం చేసి వాడుకోవడానికే వాటి శక్తిలో 20 నుంచి 30 శాతం ఖర్చవుతుంది, పిండిపదార్థాలకు 5 నుంచి 10 శాతం, కొవ్వుకు మహా అయితే 3 శాతం. పెద్ద భోజనం తర్వాత ఒళ్లు వెచ్చబడి చెమట పట్టడం ఈ ఖర్చు వల్లనే. దీన్ని చూసే కాబోలు, బాగా తింటే జీవక్రియ పెరుగుతుందనే మాట పుట్టింది. పెరిగే మాట నిజమే, కానీ అది తిన్నదాంట్లో పదో వంతు మాత్రమే. తక్కిన తొమ్మిది వంతులూ మన దగ్గరే ఉంటాయి.

నా దృష్టిలో విందు ఒంటి మీద చూపిన అసలు ప్రభావం బరువు కాదు, ఆ రాత్రి నిద్ర, మరునాటి పరుగు. మామూలుగా ఉదయం 64 ఉండే నాడి కనుమ మరునాడు 71 ఉంది. రాత్రి పది దాటాక తిన్న ఆ భోజనంలో నూనె ఎక్కువ కనుక అది జీర్ణాశయం నుంచి నెమ్మదిగా దిగుతుంది. పేగులకు రక్తం అదనంగా పంపడానికి గుండె వేగంగా కొట్టుకోవాలి, పడుకుంటే ఛాతీలో మంట. మూడు గంటలకు మెలకువ వచ్చి, మళ్లీ నిద్ర పట్టలేదు. తెల్లవారి కాలువ గట్టు మీద పరుగు మొదలుపెడితే కొంత దూరానికే ఆయాసం వచ్చి, నడకకు దిగాను. అదే భోజనం మధ్యాహ్నం ఒంటి గంటకు చేసిన రోజుల్లో మరునాటి నాడి మామూలుగానే ఉంది. ఆ తర్వాత పెళ్లిళ్లలోనూ ఇదే కనిపించింది కాబట్టి, ఎంత తిన్నామన్నదానికన్నా ఎంత పొద్దుపోయి తిన్నామన్నదే నాకు ఎక్కువ ఇబ్బంది కలిగించిందని చెప్పగలను. కావలికి తిరిగి వచ్చాక, అంటే కడుపు తేలికపడి గ్లైకోజెన్ మాత్రం నిండుగా ఉన్న స్థితిలో, మైదానంలో నేను పరుగెత్తిన తీరు నాకే కొత్తగా అనిపించింది. కాళ్లలో అలసట లేదు, ఆగాలనిపించలేదు. దూరపు పందేలకు వెళ్లేవారు ముందు రోజుల్లో అన్నం, రొట్టెల వంటివి పెంచి తినడానికి కారణం ఇదే.

ఈ కొలతల మధ్యలో, ఇంగ్లండ్‌లోని బాత్ విశ్వవిద్యాలయం వారు 2020లో ప్రచురించిన ఒక పరిశోధన చదివాను. ఆరోగ్యంగా ఉన్న 14 మంది యువకులకు ఒకసారి హాయిగా కడుపు నిండేదాకా, మరోసారి ఇక తినలేమనేదాకా పిజ్జా పెట్టారు. రెండోసారి వారు సగటున 3,000 కిలో క్యాలరీలు, అంటే మొదటిసారికి రెట్టింపు తిన్నారు. అయినా వారి రక్తంలో చక్కెర మామూలు భోజనం తర్వాత కంటే పెరగలేదు, ట్రైగ్లిజరైడ్లు, అంటే రక్తంలోని కొవ్వులు, కాస్తే పెరిగాయి. ఆ అదుపు ఊరికే రాలేదు. ఇన్సులిన్ మామూలు కంటే 50 శాతం ఎక్కువ విడుదల కావాల్సి వచ్చింది, గుండె వేగం పెరిగింది, మనుషులకు మగత, నీరసం కలిగాయి. విందు తర్వాత రెండు గంటలకు నా చక్కెర డెసిలీటరుకు 128 మిల్లీగ్రాములు మాత్రమే ఉండడానికి కారణం నాకు అప్పుడు బోధపడింది. అయితే వారంతా ఏ జబ్బూ లేని యువకులు, వారు తిన్నది ఒక్క పూట. నలభై దాటిన మన ఇళ్ల మనుషులకు దాన్ని యథాతథంగా అన్వయించుకోకూడదు.

అందుకు సాక్ష్యం మా ఇంట్లోనే ఉంది. అదే పంక్తిలో, దాదాపు అదే భోజనం చేసిన మా వారి చక్కెర రెండు గంటలకు 262 ఉంది; మరునాడు పరగడుపున కూడా 170 దాటింది. అవసరమైన వేగంతో ఇన్సులిన్ విడుదల కాని ఒంటికి, లేదా విడుదలైన ఇన్సులిన్‌కు కండరాలు, కాలేయం సరిగా స్పందించని ఒంటికి, అప్పుడప్పుడే కదా అనే మాట వర్తించదు. ఆయనను చూసే వైద్యుడు చెప్పింది క్లుప్తంగా ఇంతే: మాత్ర మానకూడదు, కూరా పప్పూ ముందు తిని అన్నం చివర తినాలి, తీపి ఒకటే రకం తీసుకోవాలి, చేయి కడుక్కున్నాక పావుగంట నడవాలి. పని చేసే కండరం ఇన్సులిన్ మీద అంతగా ఆధారపడకుండానే గ్లూకోజ్‌ను లాక్కుంటుంది కనుక ఆ నడక పని చేస్తుంది. "పెళ్లికి పోయి కల్యాణ మండపం చుట్టూ తిరిగితే జనం ఏమనుకుంటారు?" అని మా వారు మొదట గునిసినా, తర్వాత ఒక పెళ్లిలో భోజనం చేసి అలా నడిచినప్పుడు మీటర్ 198 చూపించాక ఇక ఎదురు చెప్పలేదు.

ఇక చేపల పులుసు సంగతి. నెల్లూరు వాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు, అది పెట్టిన రోజు కంటే మరునాడు, ముక్కకు పులుసు పట్టాకే రుచి. కనుమ ఒక్కరోజే అయినా, ముక్కనుమ నాడు ఉదయం దోశల్లోకి పులుసు, మధ్యాహ్నం మళ్లీ పులుసన్నం, బయలుదేరేటప్పుడు డబ్బా నిండా అరిసెలు. ఇంటికొచ్చాక కాఫీతో ఒకటి, బడి నుంచి రాగానే ఒకటి. ఒక్కో అరిసె రెండు వందల కిలో క్యాలరీలకు తక్కువ కాదు. నా పుస్తకంలో లెక్కలు కలిపి చూసినప్పుడు కనుమ నాటి మిగులు కంటే, డబ్బా ఖాళీ అయ్యేదాకా ఆ అరిసెల వల్ల చేరిన మిగులే ఎక్కువగా తేలింది. విందుగా ఎవరూ లెక్కించని తిండి అది. పైగా ఆ రోజుల్లో మంచు, బడలిక అంటూ నడక కూడా తగ్గింది. కనుమ నాడు పెరిగిన కిలోన్నర వారం తిరిగేలోగా నీరుగా దిగిపోయింది, డబ్బా అయిపోయేసరికి కనిపించిన అరకిలో మాత్రం దిగలేదు.

మాఘమాసంలో బంధువుల పెళ్లిళ్లు కావలిలోనూ కందుకూరులోనూ వరసగా వచ్చాయి. విందు మరునాడు ఏం చేయాలన్న ప్రశ్నకు జవాబు తెలుసుకోవడానికి ఒక పెళ్లి తర్వాత పూర్తిగా ఉపవాసం ఉండి చూశాను, మరో పెళ్లి తర్వాత ఎప్పటిలాగే మూడు పూటలా ఇంటి భోజనం చేసి చూశాను. ఉపవాసం నాడు బరువు వేగంగా దిగింది, కానీ అది గ్లైకోజెన్‌తోపాటు పోయిన నీరు. తిండి మొదలుపెట్టగానే మళ్లీ వచ్చింది. సాయంత్రానికి తలనొప్పి, పిల్లల మీద విసుగు, రాత్రి మామూలు కంటే రెట్టింపు ఆకలి. ఎప్పటిలా తిన్న వారంలోనూ బరువు దాదాపు అదే సమయానికి పెళ్లికి ముందున్న అంకెకు వచ్చింది, ఈ బాధలేవీ లేకుండా. తేనె, నిమ్మరసం కలిపిన వేడినీళ్లతో కొవ్వు కరుగుతుందని కొందరు సలహా ఇచ్చారు. తేనె కూడా చక్కెరే కనుక నేను దాని జోలికి పోలేదు.

ఒకే పంక్తిలో అంతే తిన్న మా తోడికోడలికి అరిసెల డబ్బా తర్వాత కూడా బరువు పెరగలేదు. దీనికి కూడా కారణం ఉంది. అమెరికాలోని మేయో క్లినిక్ పరిశోధకులు 1999లో 16 మందికి ఎనిమిది వారాల పాటు అవసరానికి మించి రోజుకు 1,000 కిలో క్యాలరీలు పెట్టి చూస్తే, ఒకరికి అరకిలో కూడా కొవ్వు చేరలేదు, మరొకరికి నాలుగు కిలోలు దాటింది. తేడా ఎక్కువగా వ్యాయామం కాని కదలికల్లో, అంటే నిలబడడం, అటూ ఇటూ తిరగడం, కూర్చున్నా కుదురుగా లేకపోవడం వంటివాటిలో ఉందని తేలింది. మా తోడికోడలు పండుగ నాలుగు రోజులూ కూర్చోగా నేను చూడలేదు. నేను వడ్డించుకుని, తిని, వరండాలో కుర్చీ వేసుకున్నాను.

మాఘం చివర్లో, బడిలో జరిగిన ఆరోగ్య పరీక్షల్లో నా పరగడుపు ట్రైగ్లిజరైడ్లు 188 అని వచ్చాయి. 150 లోపు ఉండాలి. ముందు రోజు రాత్రే పెళ్లి భోజనం చేసి వచ్చానని చెప్పగానే డాక్టరమ్మ, కొన్ని వారాలు ఇంటి తిండి తిని, పన్నెండు గంటలు పరగడుపున ఉండి మళ్లీ చేయించుకోమన్నారు. రెండోసారి 131 వచ్చింది. విందు రోజుల మధ్య చేయించుకున్న రక్తపరీక్ష మామూలు స్థితిని చెప్పదు కాబట్టి, మాత్రలు మొదలుపెట్టే ముందు ఆ మాట వైద్యుల చెవిన వేయడం అవసరం.

అమెరికాలో 195 మందిని చూసి 2000లో ప్రచురించిన అధ్యయనంలో, నవంబరు నుంచి జనవరి దాకా వారి పండుగల కాలంలో సగటున పెరిగింది 0.37 కిలో మాత్రమే. జనం అనుకునేదానికంటే అది చాలా తక్కువ. కానీ తర్వాతి నెలల్లో అది తగ్గలేదు. నా అరకిలో చూశాక ఆ అంకె నాకు చిన్నదిగా అనిపించలేదు. భారతీయ స్త్రీకి నడుము 80 సెంటీమీటర్లు, పురుషుడికి 90 దాటితే మధుమేహం, గుండెజబ్బుల ముప్పు పెరిగినట్టు లెక్క. నాది ఆ సంక్రాంతికి ముందు 78, ఉగాది నాటికి 78.5. అప్పటి నుంచి పండుగ వారంలో తూకం ఎక్కడం మానేసి, నెలసరి అయిపోయిన వారంలో టేపు మాత్రం చూసుకుంటున్నాను. కనుమ పులుసు యథాప్రకారం తింటున్నాను. అత్తగారు కట్టిచ్చే అరిసెల డబ్బా నేరుగా బడికి తీసుకెళ్తే స్టాఫ్ రూములో మొదటి విరామానికే ఖాళీ అవుతోంది.